ప్రభుత్వ మెంతవఱకు?

పుంగనూరు ప్రాంతపు పల్లెనుండి ఐదుగురు రైతులు కడచిన మాసమున నా యొద్దకు వచ్చి, కలెక్టరుగారి కొక అర్జీ వ్రాసి యిమ్మని కోరిరి. అందు మూడు ప్రార్థనలు. తమ యూరి చెఱువులో పేరుకొన్న పూడికను ప్రభుత్వమువారు తీయింపవలెననునది మొదటిది. చెఱువునకు నీరు తెచ్చు కాలువను ఒకరు దున్ని తమ పొలములో గలుపుకొన్నారు గనుక ఆ యాక్రమణమును తొలగింపవలెననునది రెండవది. చెఱువు ముంపునేలలో అనుమతి లేక వేసిన బోరుబావి జోలికి అధికారులు రాకుండ జేయవలెననునది మూడవది. విచారింపగా, ఆ బోరుబావి వచ్చినవారిలో నొకనిదే యని తెలిసినది. కాలువను గలుపుకొన్న వాడు మఱియొకనికి బావమఱది.

రెండు ప్రార్థనలలో ప్రభుత్వమును రమ్మని పిలిచి, మూడవదానిలో రావలదని తలుపు వేయుచున్న యా కాగితమును జూచి నేను నవ్వలేదు. విద్యావంతుల మనుకొనువారమును ఇట్టి యర్జీలనే మనస్సులలో వ్రాసికొని యున్నాము. మన సభలలో నొకనాడు మిల్లు పండితుని పేరు చెప్పి, వ్యక్తిస్వాతంత్ర్యము పవిత్రమందుము. 1884లో స్పెన్సరు రాజ్యమునకు విరోధముగా వ్రాసిన గ్రంథమును మెచ్చుకొందుము. మఱునాడే వీధిదీపము వెలుగలేదని, పాఠశాలకు పైకప్పు లేదని, టొమాటోకు ధర లేదని ప్రభుత్వమును నిందింతుము. కావున చదువరులారా, ఈ పాఠమునందు ఆ పండితుల గ్రంథములను కొంచెము ప్రక్కకు బెట్టి, మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మన యూళ్లలో జరిగిన సంగతులనే పుస్తకముగా జేసికొని ఈ ప్రశ్నను చదువుదము.

మొదట మదనపల్లె కళాశాలను జూడుడు. అనీబెసంటుగారు దివ్యజ్ఞానసమాజమువారి పక్షమున దీనిని 1915లో స్థాపించిరి. రాయలసీమలోని యొక చిన్న పట్టణమున పెద్ద చదువు చెప్పుటకు ప్రభుత్వము పూనుకొనక మునుపే ప్రజలు పూనుకొనిరి. అంతవఱకు కథ సుఖముగానే యున్నది. కాని పట్టమునకు మదరాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు కావలెను. గుర్తింపు లేని పట్టమునకు ఉద్యోగము లేదు. హోంరూలు ఆందోళనము ప్రబలిన 1917లో పెంట్లండు ప్రభువు గవర్నరుగా నున్న మదరాసు ప్రభుత్వము విద్యార్థులు రాజకీయసభలకు పోరాదని శాసించెను; జూన్ మాసమున బెసంటుగారిని నిర్బంధించెను. ఆమె సెప్టెంబరులో విడుదలయై, ఆ సంవత్సరాంతమున కలకత్తా కాంగ్రెసునకు అధ్యక్షురా లయ్యెను. ఆ యాందోళనకాలముననే మదనపల్లె కళాశాల విశ్వవిద్యాలయపు గుర్తింపును గోలుపోయినది. అధ్యాపకులు తక్కువైరని కాదు, పుస్తకములు లేవని కాదు. అక్కడి పిల్లలు దేశమునుగూర్చి మాటాడిరని.

అప్పుడు కళాశాలవారు ఏమి చేసిరి? అడయారులో స్థాపింపబడిన జాతీయవిశ్వవిద్యాలయముతో దమ కళాశాలను జేర్చిరి. దాని కులపతి రవీంద్రనాథ ఠాకూరుగారు. 1919లో దక్షిణదేశ సంచారము చేయుచు ఆయన మదనపల్లెకు వచ్చి కొన్ని దినములు విశ్రమించిరి. జనగణమన గీతమును ఆంగ్లమున ప్రభాతగీతముగా అనువదించినది ఇక్కడనే. మార్గరెట్ కజిన్సుగారు దాని స్వరములను కూర్చి వ్రాసికొన్నదియు ఇక్కడనే. 1950 జనవరిలో ఆ గీతము జాతీయగీతమైనది. ప్రభుత్వము గుర్తింపనొల్లని కళాశాలలో నిలిచిన స్వరమును ముప్పదియొక్క సంవత్సరములకు ప్రభుత్వమే లేచి నిలువబడి పాడవలసివచ్చినది! ఇట్టి వింతలు చరిత్రలో తఱచుగా దొరకవు గనుక చెప్పుచున్నాను.

అయినను దీనినుండి తొందరపడి సిద్ధాంతము చేయరాదు. విద్యకు ప్రభుత్వముతో సంబంధమే యుండరాదని కొందఱు మిత్రులు వాదింతురు. వైద్యుని పట్టము నిజమైనదో కాదో రోగి యెట్లు తెలిసికొనును? న్యాయవాది పట్టము సంగతి కక్షిదారున కేమి తెలియును? పరీక్షకు ఒక కొలత యుండవలెను, ఆ కొలతను అందఱకు సమానముగా బట్టువా రొకరుండవలెను. అది ప్రభుత్వమునకు దగిన పనియే. 1917 నాటి తప్పు కొలత పట్టుటలో లేదు. చదువును గొలువవలసిన బద్దతో అభిప్రాయమును గొలుచుటలో నున్నది. ఆనాటి గవర్నరు ఇంగ్లీషువాడు గనుక అట్లు జరిగినదని తృప్తిపడువారు, మనవారే పాలించుచున్న దినములలో గ్రాంటు తీసికొను సంస్థల యాజమాన్యములు మంత్రిగారి రాక కెట్లు తోరణములు గట్టుచున్నవో జూచి మాటాడవలెను.

ప్రభుత్వమును మనమే పిలిచిన సందర్భము లింకొక విధమైన పాఠము చెప్పును. వితంతువుల పునర్వివాహము చెల్లునని చట్టము 1856లోనే వచ్చినది. తెలుగుదేశమున వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ నిరువదియైదు సంవత్సరములు! చట్టము తలుపు తెఱచినది గాని ఆ తలుపుగుండ నడచుటకు మనుష్యులు లేకపోయిరి. పంతులుగారు నడచినప్పుడైనను, ఆ చట్టము లేనియెడల పుట్టిన బిడ్డలకు దాయభాగము లేక కోర్టులలో నవమానము కలిగియుండును. చట్టము లేక ధైర్యము పంటకు రాదు, ధైర్యము లేక చట్టము మొలకెత్తదు. 1872 నాటి వివాహచట్టము సంగతి మఱియు విచిత్రము. బ్రహ్మసమాజికులలో కేశవచంద్రుని పక్షమువారు తమ వివాహములకు చట్టబలము కోరిరి, ఆదిసమాజమువారు వలదనిరి. తుదకు ప్రభుత్వ మిచ్చిన చట్టములో వధూవరులు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములవారము కామని చెప్పవలసివచ్చినది. అడిగిన దొకటి, వచ్చినది వేఱొకటి. ఆ చట్టమునకు బదులు 1954లో ప్రత్యేకవివాహచట్టము వచ్చువఱకు ఆ చిక్కు పూర్తిగా తీరలేదు. ప్రభుత్వమును పిలుచువాడు అది తన రూపముననే వచ్చును గాని మన రూపమున రాదని ముందుగా దెలిసికొనుట మంచిది.

ఇక నా మనస్సునకు మిక్కిలి ముఖ్యమని తోచు సంగతికి వత్తును. మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమను చోట నున్న క్షయరోగ చికిత్సాలయమును ఎఱుగనివారు మనలో లేరు. అనేక క్రైస్తవ మిషనులు కలిసి 1912లో మదనపల్లెలో పని యారంభించి, 1915లో ఆరోగ్యవరమునకు మార్చిరి. ఫ్రిమట్‌మొల్లరు అను డేనిషు వైద్యుడు దానికి మొదటి యధికారి. పొడిగాలి, మంచి యాహారము, విశ్రాంతి యను మూడే ఆనాడు క్షయకు మందులు. ఆ దినములలో గవర్నరు సాక్షాత్తు పెంట్లండు ప్రభువే. ఒకే ప్రభుత్వ కాలమున ఒకే యూరిలో నొక ప్రజాసంస్థ పెరిగెను, మఱియొకటి గుర్తింపు గోలుపోయెను. క్షయరోగులు రాజకీయసభలకు పోరు గదా!

స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి సంవత్సరము, అనగా 1948లో, బి.సి.జి. యను క్షయనివారక టీకాను మన దేశమున మొట్టమొదట ప్రయోగముగా వేయుట కెన్నుకొన్న స్థలములలో మదనపల్లె యొకటి. కొలదికాలములోనే అది దేశవ్యాప్తమైన ఉద్యమమైనది. ప్రపంచారోగ్యసంస్థయు, యూనిసెఫ్ సంస్థయు తోడ్పడినవి. టీకా దళములు పాఠశాలలకు బోయి పిల్లలను వరుసగా నిలిపినవి. అప్పుడు, 1955లో, దీనికి విరోధముగా గొంతెత్తినవా రెవరు? మదరాసు ముఖ్యమంత్రి పదవిని అంతకు ముందటి సంవత్సరమే విడిచిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు! కేంద్రారోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌరుగారు ఉద్యమమును సమర్థించుచుండగా, ఈయన టీకాయొక్క గుణము నిశ్చయముగా ఋజువు కాలేదనియు, ఆరోగ్యవంతులగు కోట్లకొలది పిల్లల శరీరములలో ప్రభుత్వమింత తొందరగా దేనినో ప్రవేశపెట్టుట తగదనియు, తలిదండ్రుల యంగీకారము పేరునకే యున్నదనియు వాదించిరి.

ఆ వాదమును విద్యావంతులు పలువురు మూఢత్వమని త్రోసివైచిరి. నేను యౌవనమున వారి పక్షముననే యుంటిని. కాని తరువాతి చరిత్ర అంత సులభముగా లేదు. మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలోనే ఫ్రిమట్‌మొల్లరుగారి కుమారుడు 1950 ప్రాంతమునుండి టీకా వేసినవారిని, వేయనివారిని పోల్చి చూచు పరిశోధన నడపెను. పిదప 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆ టీకానుగూర్చి ప్రపంచమున నెన్నడును జరుగనంత పెద్ద పరీక్ష ఆరంభమైనది. రెండున్నర లక్షలకు పైబడిన జనులలో కొందఱకు టీకా, కొందఱకు టీకాను బోలిన వట్టి ద్రవము ఇచ్చి, ఎవరి కేది యిచ్చిరో పరీక్షకులకు గూడ దెలియకుండ సంవత్సరములతరబడి చూచిరి. 1979-80లో ఫలితము బయటపడినది. పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదు!

అట్లయిన రాజాజీగారు గెలిచిరా? సగము గెలిచిరి. శిశువులకు వచ్చు మెదడుపొరల క్షయనుండియు, శరీరమంతట వ్యాపించు క్షయనుండియు ఆ టీకా కాపాడునని ఇతర పరిశోధనలు చూపినవి. అందుచేతనే నేటికిని మన దేశమున పుట్టిన బిడ్డకు దానిని వేయుచున్నారు. టీకావలన హాని యనిన ఆయన భయము నిలువలేదు. ప్రమాణ మేదని యడిగిన ఆయన ప్రశ్న నిలిచినది. ఈ కథలో నాకు గౌరవము కలిగించు సంగతి యొకటి కలదు. ప్రభుత్వపు టీకా నిష్ఫలమని తేల్చిన చెంగల్పట్టు పరీక్షను నడపినది ప్రభుత్వ ధనముతో నడచు భారత వైద్యపరిశోధన మండలియే. తన మాట తప్పని తానే పరీక్షించి తానే ప్రకటించు ప్రభుత్వమును నేను పదిసార్లయినను నమ్ముదును. రెండున్నర లక్షల మందిని పదునైదేండ్లు వెంటాడి లెక్క వ్రాయుట ఏ ధర్మసంస్థకు సాధ్యము? ఇది కేవలము ప్రభుత్వమునకే తగిన పని.

మదరాసులో 1956లో ఆరంభమైన మఱియొక పరిశోధనము, క్షయరోగి యింటనే యుండి మందులు పుచ్చుకొన్నను చికిత్సాలయములో నున్నవానితో దాదాపు సమానముగా కోలుకొనునని 1959లో చూపినది. దానితో ప్రపంచమంతట క్షయ చికిత్సాలయముల ప్రయోజనమే మాఱిపోయినది. మన ఆరోగ్యవరము మూతపడక సాధారణ వైద్యాలయముగా మాఱి జీవించుచున్నది.

శాసనబలముతో ఆరోగ్యమును గాపాడుటనుగూర్చి న్యాయవాదిగా ఒక్కమాట. అంటువ్యాధుల చట్టము 1897లో ప్లేగు భయమున నొక వారము రోజులలోనే చేయబడినట్లు కనబడునంత చిన్నది; కొలది సెక్షనులే. ఏమి చేయవచ్చునో విరివిగా చెప్పినది, ఏమి చేయరాదో చెప్పలేదు. అదే చట్టమును 2020లో కరోనా వచ్చినప్పుడు మఱల బయటికి దీసిరి. నూటయిరువది మూడేండ్ల నాటి తాళముతో నూఱుకోట్ల పైబడిన జనుల యిండ్లకు తాళము వేయగలిగిరి గదా యని అప్పుడు మా బారులో నొక వృద్ధుడు అన్న మాట నాకు మఱపురాదు. తాళము వలదని నే ననను. తాళపుచెవి యెవరియొద్ద, ఎన్ని దినములు ఉండవలెనో చట్టములో వ్రాసియుండవలెనని మాత్రమే నా వాదము.

ప్రజలు నడిచిన త్రోవను ప్రభుత్వ మనుసరించిన యుదాహరణమును మనయొద్దనే కలదు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి సంకల్పమున వెలసిన ఋషివాలీ విద్యాలయమువారు, చుట్టుపట్ల పల్లెలలో ఒక్క యుపాధ్యాయుడు పలు తరగతులకు నొకేసారి చెప్పవలసిన చిన్న బడులకొఱకు కార్డుల పద్ధతి యొకటి కల్పించిరి. 1995లో మైసూరు ప్రాంతపు సర్కారు బడులును, 2003 తరువాత చెన్నపట్టణపు నగరసభ బడులును దానిని తమకు దగినట్లు మార్చి స్వీకరించినవి. కొద్దిమంది శ్రద్ధతో కనిపెట్టినదానిని వేలకొలది బడులకు జేర్చుట ప్రభుత్వము చేసినది. ఏది యెవరికి సాధ్యమో ఆ పని వారు చేసిరి.

కుప్పము సంగతి సంక్షేపముగా చెప్పెదను. మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు ఆ చోట తెలుగు, తమిళము, కన్నడము ఒకే సంతలో వినబడును. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. భాషను సంత కాపాడును గాని, నిఘంటువును సంత వ్రాయదు. అందుకు ప్రభుత్వ ధనము తగును. ఆ ధనముతో పాటు నియామకములలో సిఫారసులు రాకుండ జూచుకొనుట వేఱు సంగతి.

ధరల విషయ మింకను క్లిష్టము. మదనపల్లె టొమాటో విపణిలో ఒక సంవత్సరము రైతు పంటను రోడ్డుమీద పాఱబోసి పోవును. 2023 జూలైలో నది తలక్రిందులై, కిలోకు నూఱు రూపాయలు మించి పలికినది. పాఱబోయునాడు కొనుమని రైతు ప్రభుత్వము నడుగును. పెరిగిననాడు తగ్గింపుమని పట్టణవాసి యడుగును. రెండు నోళ్లకు నొకేమాఱు అన్నము పెట్టగల ప్రభుత్వమును నే నెఱుగను. శీతలగృహములు, బాటలు, నిజమైన ధరలను ప్రకటించు పలకలు ప్రభుత్వము చేయదగినవని తోచుచున్నది; అంతకు మించి చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

ఇప్పుడు మఱల చెఱువునకు వత్తము. మన సీమలో పెద్ద నదులు లేవు. వాన నీటిని ఒకదానివెంట నొకటిగా గట్టిన చెఱువులలో పట్టుకొని పూర్వులు బ్రతికిరి. గట్టుకు మన్ను వేయుట, కాలువ పూడిక తీయుట ఊరివారే చేయుదురు. దానిని కుడిమరామత్తు అందురు. 1858లో ప్రభుత్వము ఆ యాచారమునకు చట్టబలము నిచ్చి, పనికి రానివానిని దండింప వీలు కల్పించినది. ఆచారము బలముగా నున్నదినములలో చట్టము అవసరము లేదు; చట్టము వచ్చినదనగా ఆచారము అప్పటికే వదులగుచున్నదని యూహింపవలెను. పుంగనూరు జమీ కాలమున చెఱువు బాధ్యతనుగూర్చి రైతులు జమీందారు వంక చూచిరి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారు పోయెను; చెఱువులు, కాలువలు, బంజరులు సమస్తమును ప్రభుత్వమునకు సంక్రమించెను. అది న్యాయమే. కాని ఆ దినమునుండి “మన చెఱువు” అనుమాట “సర్కారు చెఱువు” అయినది. సర్కారు చెఱువున పూడిక తీయుటకు ఎవరు పార పట్టుదురు?

1997లో సాగునీటి సంఘముల చట్టము చేసి, ఎన్నికలు జరిపి, పదివేలకు పైగా సంఘములను స్థాపించి, పోయిన యధికారమును రైతులకు మఱల నిచ్చుటకు ప్రభుత్వము ప్రయత్నించెను. అంతలో బోరుబావులు పెరిగినవి. 2002 నాటి నీరు, నేల, చెట్టు చట్టము బోరు వేయుటకు అనుమతి కావలెననియు, ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల వేయరాదనియు చెప్పెను. రెండేండ్లకు, 2004 మేలో, వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటింపబడెను. నీటిని తోడవలదని ఒక చేతితో ఆపి, తోడుటకు కరెంటును మఱియొక చేతితో ఇచ్చిన ప్రభుత్వమును నిందించుట సులభము. ఎండిన భూమిమీద అప్పులపాలైన రైతునకు ఆ కరెంటు ప్రాణము పోసినదనుటయు సత్యమే. అయితే బోరు ఒక్కనిది, చెఱువు అందఱిది. బోరు లోతు పోయినకొలది చెఱువును దలచువారు తగ్గిరి.

నేను ఆ ఐదుగురితో చెప్పినది ఇది: “కాలువ యాక్రమణమును తొలగించుటకు సర్వేయరును, తహసీలుదారును ప్రభుత్వము పంపవలసినదే. బంధువుపై బంధువు పార యెత్తలేడు. బలవంతునిపై బలహీనుడు ఎత్తలేడు. అందుకే ప్రభుత్వము పుట్టినది. బోరు సంగతి వ్రాయను. చట్టము అందఱకు నొకటే గదా! పూడికకు ధనమడుగుదము గాని, ఊరినుండి ఎంత పని వచ్చునో మొదట వ్రాయుడు.”

బోరు యజమాని ముఖము మాడ్చుకొనెను. “సామీ, మీరు మా పక్కన్నా, గవర్మెంటు పక్కనా?” అని అడిగెను. నా ఫీజు వలదంటిని. వృద్ధుడొకడు మాత్రము ఆ కాగితమును మడచి పంచె కొంగున ముడివైచికొని, ఎవరితోను మాటాడక మెట్లు దిగెను.

మూడు వారములు వారి జాడ లేదు. నిన్న అంగడివీధిలో ఆ వృద్ధుడే కనబడి, నూఱు మూరల నులకత్రాడు కొనుచున్నాడు. ఎందుకని యడిగితిని. “కాలవ కొలవాల సామీ. సర్వేరు వచ్చేలోపల మా లెక్క మాకుండాల గదా,” అనెను. బోరు సంగతి యే మాయెనని నేను అడుగలేదు, అతడును చెప్పలేదు.